బొమ్మ తీయుటకు ముందు



గత వేసవిలో హిమాయత్‌నగర్ గ్రామ పెద్దలు నన్నొక ప్రశ్న యడిగిరి. చలనచిత్రకళ నభ్యసించు విద్యార్థు లయిదుగురు ఆ గ్రామమునకు వచ్చి, హిమాయత్‌సాగరమును గూర్చి వరుసగా నాలుగు చిన్న చిత్రములు తీయుదుమనియు, పెద్దలు తమ జ్ఞాపకములను కెమెరా యెదుట చెప్పవలెననియు కోరిరట. "పంతులుగారూ, ఈ పిల్లలను నమ్మవచ్చునా? మా మాట పట్టుకొని పోయి దాని నేమి చేయుదురో మాకు తెలియదు. ఈ బొమ్మలు తీయుటకు ముందు ఆలోచన యనున దేమైన నుండునా, లేక చేతిలో యంత్ర మున్నదని తిరుగుటయేనా?" అని వారి ప్రశ్న.

నేను చదివినది కావ్యములు, వ్యాకరణము. అయినను మనవారు చలనచిత్రముల నెట్లు తలపెట్టిరో, ఎట్లు నెరవేర్చిరో, ఎచ్చట దెబ్బతినిరో యను చరిత్ర నాకు ప్రియమైన విషయము. ఆనాడు అరుగుమీద చెప్పినదానినే నేడు కొంత పెంచి మనవి చేయుచున్నాను.

మన దేశమున కథాచిత్రములకు ఆద్యుడని పేరుగన్న ఫాల్కేగారు 1912లో ధనము పెట్టువారిని ఒప్పించుటకు మొట్టమొదట తీసినది పురాణకథ కాదు. కుండలో బఠాణీగింజ నాటి, అది మొలచి, ఆకు తొడిగి, పెరుగు విధమును నాళ్ల తరబడి కొంచెము కొంచెముగా తీసి, తెరమీద నిమిషములలో పెరిగినట్లు చూపెను. దానిని చూచిన పిదపనే ధనము కదలినది. 1913లో వెలువడిన "రాజా హరిశ్చంద్ర"కు చిత్రీకరణము 6 నెలల 27 దినములు పట్టినది. పగలు తీసిన ఫిల్మును రాత్రి చీకటిలో కడిగి ఆరవేయుటలో ఆయన భార్య సరస్వతీబాయిగారి చేయి యున్నది. పనివారందరికి అన్నము వండినదియు ఆమెయే. ఈ సంగతిని పుస్తకములు ఒక వాక్యములో ముగించివేయును. ఆ వంటయే లేకున్న పని యెన్నినాళ్లు సాగియుండునో!

ఇక మన తెలుగువారి మాట. మచిలీపట్టణమున 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్యగారు మదరాసులో ఛాయాచిత్రములు తీయు వృత్తిలో నుండిరి. ఆయన మొదట చిత్రము తీయలేదు. విదేశములనుండి యంత్రమును తెప్పించి ఊరూర చిన్న చిత్రములను చూపెను. సింహళమునకును, బర్మాకును పోయి చూపెను. జనము దేనిని చూచి నవ్వుదురో, దేనికి లేచిపోవుదురో ఆ సంచారములో తెలిసికొనెను. పిదప మదరాసులో గెయిటీ మొదలగు ప్రదర్శనశాలలు కట్టించెను. అటుపిమ్మట కుమారుడు ప్రకాశును ఈ విద్య నేర్చుటకై సీమకు పంపెను. ఆ విద్యార్థి తిరిగివచ్చిన పిదప గాని 1921లో "భీష్మప్రతిజ్ఞ" వెలువడలేదు. చూచువారు ముందు, చూపుచోటు పిదప, చదువు ఆ తరువాత, చిత్రము కట్టకడపట: ఇదీ ఆయన వరుస. మన పిల్లలు సాధారణముగా దీనిని తలక్రిందులు చేయుదురు.

ఆ తండ్రీకొడుకుల యొద్ద పని నేర్చిన సి. పుల్లయ్యగారు 1936లో చేసిన పని విద్యార్థులకు మరింత దగ్గరి యుదాహరణము. "సతీ అనసూయ", "ధ్రువవిజయము" అను రెండు చిత్రములను పిల్లలే పాత్రధారులుగా తీసి, రెంటిని కలిపి యొకే ప్రదర్శనముగా చూపించెను. త్రిమూర్తులు మొదలుకొని అందరును బాలబాలికలే! అనసూయ వేషము కట్టిన చిన్నది కృష్ణవేణి. ఆమెయే పెద్దదై 1949లో "మనదేశము" చిత్రమును నిర్మించి నందమూరి తారకరామారావును తెరకు పరిచయము చేసెను. 2025లో నూరేండ్లు నిండిన పిదప పరమపదించెను. పిల్లలతో పనియనగా వారి నిద్ర, ఆకలి, బెంగ, అన్నియు లెక్కలోనికి రావలెను. నలువదేండ్లు బడి నడపినవాడను గనుక ఆ శ్రమను ఊహింపగలను.

ఇప్పుడు మన హైదరాబాదు సంగతికి వచ్చెదను. దీనిని కొంచెము నిదానముగా చెప్పవలెను.

ధీరేంద్రనాథ గంగూలీ అను వంగీయుడు 1893లో జన్మించెను, శాంతినికేతనమున చదివినవాడు. హైదరాబాదునకు వచ్చి ఇచ్చటి చిత్రకళాశాలలో ఉపాధ్యాయుడుగా నుండెను. పలువిధముల వేషములు తానే ధరించి, ముఖభావములను మార్చి ఛాయాచిత్రములు తీయించుకొని 1915లో ఒక గ్రంథముగా ప్రకటించెను. వేషము మార్చుటలో ఆయన నేర్పు చూచి పోలీసువారు సైతము తమ వారికి నేర్పుమని యడిగిరట. పిదప కలకత్తాకు పోయి, సీమనుండి తిరిగివచ్చి సొంతవారిని చూచి ముక్కు విరుచు యువకుని వెక్కిరించు "బిలాత్ ఫెరత్" అను హాస్యచిత్రమున 1921లో పేరు తెచ్చుకొనెను. ఆ కీర్తితో మరల హైదరాబాదు చేరి 1922లో లోటస్ ఫిల్ము కంపెనీ స్థాపించెను. నిజాముగారి యాదరణము లభించినది. చిత్రములు తీయుటకు స్టూడియో, ఫిల్ము కడుగుటకు ప్రయోగశాల, చూపుటకు రెండు ప్రదర్శనశాలలు సమకూడినవి. "ఇంద్రజిత్తు", "హరగౌరి", "యయాతి", ఇట్లు రెండేండ్లలో ఒకదాని వెంట నొకటి చిత్రములు వెలువడినవి. ఆలోచించి చూడుడు: అప్పటికి హిమాయత్‌సాగరపు కట్టయింకను పూర్తికాలేదు, ఈసీనది పారుచునే యున్నది, నగరములోనో వరుస చిత్రములు తీయు కార్యాలయము నడచుచున్నది!

1924లో ఆయన తన ప్రదర్శనశాలలో బొంబాయిలో తయారైన "రజియాబేగము" అను చిత్రమును చూపెను. ఢిల్లీ నేలిన రాణియొక్క ప్రేమకథ అది. ఆయన తీసినది కాదు; తెచ్చి చూపినది మాత్రమే. నిజాముగారికి ఆగ్రహము కలిగినది. రాజ్యము విడిచి పొమ్మని యుత్తరువైనది. స్టూడియో, ప్రయోగశాల, శాలలు, పనివారు, రెండేండ్ల శ్రమ, సమస్తమును అంతటితో ముగిసినది. గంగూలీగారు కలకత్తాలో మరల నిలదొక్కుకొని 1975లో ఫాల్కే పురస్కారమును పొందెను. కాని హైదరాబాదు నష్టమును ఎవరు పూడ్చిరి?

నిజాముగారి యుత్తరువు న్యాయమని నేననను. ఒక బొమ్మకు అంత శిక్ష ప్రభువునకు తగదు. అయితే అన్నియు ఏర్పరచుకొన్న ఆ యుపాధ్యాయుడు, ఎవరి నీడలో చూపుచున్నాడో, వారి మనస్సెట్టిదో ఒక్క సాయంకాలము ఆలోచింపలేదనియే నా యభిప్రాయము. మరియొకటి. ఆకాలపు ఫిల్ము అగ్గి తగిలిన భగ్గుమనును, ఊరకయుంచినను చివికిపోవును. మన దేశపు మూకచిత్రములు వేయికి పైగా తయారైనను నేడు మిగిలినవి బహు స్వల్పము. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని వెలయలేదు. అప్పటికి పోవలసినది పోయినది. పదిలపరచుటయును పనిలో భాగమని తొలినాటివారికి తోచలేదు.

ఈ కథలన్ని ఆ విద్యార్థులకును చెప్పితిని. వారు మొదట తెచ్చిన కాగితమున కెమెరాల పేర్లు, అద్దెలు మాత్రమే యుండెను. నాలుగు చిత్రముల వరుస మాత్రము బాగుగానే యున్నది: 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద, విశ్వేశ్వరయ్యగారి యాలోచనపై 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము నిలిచిన విధము, 1996లో చెరువుల రక్షణకై 84 గ్రామములపై నిర్బంధములు పెట్టిన 111వ జీవో, 2022లో వాటిని తొలగించుచు వచ్చిన 69వ జీవో, కడపట మొయినాబాదు, చేవెళ్ల పొలముల పూలు, కూరగాయలు. మూడవ చిత్రము దగ్గర నేను వారి నాపితిని. భూమి అమ్ముకొనజాలక యిరువదియేండ్లు వేచిన రైతు ఒకడు, చెరువు చెడునని భయపడువాడు మరియొకడు, ఒకే అరుగుమీద కూర్చుందురు. ఒకని మాట తీసి యొకనిది విడిచిన ఊరిలో వైరము మిగులును. పిల్లలు నగరమునకు పోవుదురు. ఇద్దరిని అడుగుడు, ఎవరి మాట యెంత తీసికొన్నది వారికే ముందు వినిపింపుడు అని చెప్పితిని. చెరువు నిండి తలుపులెత్తు దృశ్యము కావలెనన్నచో శ్రావణభాద్రపదముల వరకు ఆగవలెను; చెరువు మన తేదీలను చూడదు గదా!

నెల గడచిన పిదప వారు మరల వచ్చిరి. ఈసారి దళసరి నోటుపుస్తకము తెచ్చిరి. ఒక్కొక్క చిత్రమునకు మాటాడువారి పేర్లు, వారి సమ్మతి, ఏ పొద్దున ఎచ్చట నిలువవలెను, వాన వచ్చిన నేమి చేయవలెను, భోజన మెవరింట, అన్నియు వ్రాసియున్నవి. పూర్తియైన చిత్రముల ప్రతి యొకటి ఊరి బడిలో నుంచుదుమనియు వ్రాసిరి. మొదటి పుట పైభాగమున తొలి ప్రదర్శన స్థలము: హిమాయత్‌నగర్ పంచాయతీ అరుగు.

పెద్దలు ఆ పుస్తకమును చేతులు మార్చుకొనుచు చదివిరి. వారిలో వృద్ధు డొకడు కండ్లద్దములు సవరించుకొని, భోజనము పుట దగ్గర ఆగి, మూడవనాడు తన యింట అని వ్రాసికొనుమనెను.