డిస్ఫేజియా లుసోరియా: శస్త్రచికిత్స

కుడిచేతికి రక్తం తీసుకెళ్లే సబ్‌క్లేవియన్ ధమని పుట్టుకతోనే దారి తప్పి, బృహద్ధమని వంపు చివర మొదలై అన్నవాహిక వెనుకగా సాగే లోపం సుమారు నూటికొకరిలో ఉంటుంది. చాలామందికి ఏ బాధా ఉండదు. కొందరికి మాత్రం ముద్ద దిగదు; దీన్నే డిస్ఫేజియా లుసోరియా అంటారు. ఈ స్థితిని మొదట వివరించినది ఇంగ్లండ్ వైద్యుడు డేవిడ్ బేఫోర్డ్ (18వ శతాబ్దం).

బోస్టన్ సర్జన్ రాబర్ట్ గ్రాస్ ఆ ధమనిని కట్టి కోసే చికిత్సను 1946లో ప్రచురించారు. కేవలం కోసేస్తే చేతికి రక్తం తగ్గవచ్చు. అందుకే ఇప్పుడు, ముఖ్యంగా పెద్దవారిలో, తెగిన కొసను మెడలోని కుడి కెరోటిడ్ ధమనికి కలుపుతారు. ఇది ఎంతో మేలైన మార్పు. ధమని మొదలు ఉబ్బి ఉంటే (కొమ్మెరెల్ డైవర్టిక్యులమ్) దానికీ చికిత్స అవసరం కావచ్చు. ఇక నిర్ధారణ విషయానికొస్తే, ఎండోస్కోపీలో ఈ ధమని లోపం బయటపడకపోవచ్చు. సీటీ యాంజియోగ్రామ్ స్పష్టంగా చూపుతుంది.

ఇలాంటి చికిత్స అవసరమైతే, కలికిరి, మదనపల్లె, పుంగనూరు వాసులకు ఉన్నత స్థాయి గుండె వైద్యం తిరుపతిలో ఉంది. పిల్లల కోసం టీటీడీ అక్కడ 2021లో శ్రీ పద్మావతి హృదయాలయం ప్రారంభించింది. కుప్పం వారికి వేలూరు సీఎంసీ ఆసుపత్రి కూడా అందుబాటులో ఉంది.