పెండ్లిపందిటిలో ఛాయాగ్రాహకుడు

పెండ్లిపందిటిలో పురోహితుని, మేళగాండ్రను, వంటవారిని ఎల్లరును ఎరుగుదురు. అందరికి ఎదురుగా నిలిచి, అందరిని చూచుచు, తాను మాత్రము ఏ చిత్రములోను కానరానివాడు మరియొకడు కలడు. అతడే ఛాయాగ్రాహకుడు. నెల్లూరు సీమలో సముద్రమునకు దాపుననున్న అల్లూరు ప్రాంతమున ఈ వృత్తి చేసినవారము గనుక, దీని పూర్వోత్తరములను కొంత విన్నవించుచున్నాము.

1839లో పారిసు నగరమున డాగెర్ విధానము లోకమునకు వెల్లడియైనది. 1856 నాటికే మద్రాసులో ఛాయాగ్రాహకుల సంఘ మొకటి వెలసినది. అల్లూరు అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. కాని ఆ తొలినాటి దొరలు కోవెలలను, కోటలను చిత్రించిరే కాని, పెండ్లిపందిళ్ల వంక చూడలేదు. చూచినను ఫలము లేదు. తడి పలకకు మందు పూసి, అది ఆరకముందే చిత్రము తీసి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. ముహూర్త మంతసేపు ఆగునా? 1871లో మాడక్స్ అను ఆంగ్ల వైద్యుడు పొడి పలకకు దారి చూపిన పిదపనే కెమేరా ఇంటింటికి పోగలిగినది.

పరికరము వచ్చినంత మాత్రమున పని కాలేదు. స్త్రీ ముఖమును పరపురుషుడు తేరిపార చూచుట ఎట్లు? హైదరాబాదులో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ దీనికొక ఉపాయము చేసెను. 1892లో స్త్రీలకే ప్రత్యేకముగా జనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతి కప్పగించెను. అది గొప్ప ఇండ్లవారి మాట. పల్లెలలో అట్టి ఏర్పాటు లెక్కడివి? ఫోటో తీసిన ఆయుస్సు తగ్గునను భయము వేరొకటి. కావున ఎందరో స్త్రీలకు జీవితమున కెమేరా ముందు నిలిచిన దినము పెండ్లి దినమొక్కటే. “అమ్మా, కొంచెము తల ఎత్తుము” అని పరాయివాడు ఒక ఆడుబిడ్డతో అనుటకు, పెద్దలు కోపగించక ఊరకుండుటకు, ఆ పందిరి తప్ప వేరు చోటు లేకుండెను. మా వృత్తిలోని బరువంతయు ఇందే కలదు.

పని తీరు చెప్పెదము. ముహూర్తము తరచుగా రాత్రివేళ వచ్చును. వధూవరుల నడుమ తెర పట్టుదురు. జీలకఱ్ఱ బెల్లము తలలపై నుంచిన క్షణమున తెర జారును; ఒకరినొకరు చూచుకొందురు. ఆ చూపు రెండవమారు రాదు. మాంగల్యధారణవేళ వరుడు ముందునకు వంగగా అతని భుజము వధువు ముఖమును కప్పును. ఆడుబిడ్డ జడ ఎత్తి పట్టుకొనును. అక్షతలు వర్షమువలె కురియును. మేనమామలు, పినతండ్రులు సరిగా కెమేరాకు అడ్డముగా వచ్చి నిలుతురు. హోమధూమమునకు కండ్లు నీరు కారును. ఏ మంత్రము తరువాత ఏ తంతు జరుగునో ఎరుగనివాడు ఈ పనికి తగడు. అందుచేత మేము కెమేరాను సవరించుకొనుటకు ముందు పురోహితునితో మంచి చేసికొనెడివారము. ఆయన ఒక్క నిమిషము చేయి ఆపిన చాలును, చిత్రము దక్కును.

చుట్టఫిల్మునకు పండ్రెండు చిత్రములు. ఫ్లాష్ బల్బు ఒకమారు వెలిగిన మరి పనికిరాదు. వేడి తగ్గకముందే దానిని ఊడదీసి క్రొత్తది తొడుగవలెను. పండ్రెండింటిలో తెర, మూడు ముళ్లు, తలంబ్రాలు, సప్తపది, అరుంధతి, ఇరువైపుల బంధువర్గము అన్నియు ఇమడవలెను. తమ పక్షమువారి చిత్రము రాలేదని వియ్యాలవారు అలిగిన, ఆ అలుక తీర్చవలసినవాడును ఫోటోగ్రాఫరే!

అందరు భోజనములు చేసి నిద్రించువేళ మాకు రెండవ పని మొదలగును. చీకటిగదిలో ఫిల్ము కడుగవలెను. కాగితములలో హైపో లేశమాత్రము మిగిలినను చిత్రము కొన్నేండ్లకు పసుపువారును. కావున మంచినీరు కడవలతో మోయించెడివారము. సముద్రపు చెమ్మకు నెగెటివులకు, కటకములకు బూజు పట్టును. సన్నని పెన్సిలుతో నెగెటివుపై వధువు ముఖమును దిద్దుట మరియొక విద్య. ఎక్కువ దిద్దిన, పిల్లను కన్నతల్లియే గుర్తుపట్టలేదు. ఆల్బము చేతికిచ్చిన తరువాతగాని సొమ్ము చేరదు. అదియు పంట ఇంటికి వచ్చినప్పుడు.

రంగుల కాలమున చుట్టలు అల్లూరు రోడ్డు స్టేషనులో రైలెక్కి మద్రాసు పోయి వచ్చెడివి. పిమ్మట వీడియో దీపములు, ఆపైన డిజిటల్ కెమేరాలు వచ్చినవి. నేడొక పెండ్లికి వేలకొలది చిత్రములు తీయుదురు. లెక్క పెరిగినదని మేము అసూయపడము. కాని తొలి రంగుల చిత్రములు అనేకము ఎఱ్ఱబారి వెలసిపోయినవి. బాగుగా కడిగిన నలుపు తెలుపు చిత్రములు మాత్రము నేటికిని పెట్టె అడుగున చెక్కుచెదరక యున్నవి. వాని నెగెటివులకు ఆ భాగ్యము లేదు. గాజు పలకలను గోకి పటములకు అద్దములుగా వాడుకొనిన స్టూడియోలు కలవు.

ఆ నెగెటివు విలువ తెలియునది వేరొక దినమున. ఏ ముప్పది, నలువది ఏండ్లకో ఒక పెద్దమనిషి వచ్చి, గుడ్డలో చుట్టిన పెండ్లిపటమును బల్లపై పెట్టును. “ఇంటావిడ పోయినది. దండ వేయుటకు పటము కావలెను. ఇది తప్ప మరొకటి లేదు,” అనును. జంటలోనుండి ఆమెను మాత్రము వేరుచేసి, ముఖమును పెద్దది చేయవలెను. ఆయన భుజము అంచున మిగిలిపోవును. సన్నని కుంచెతో దానిని చెరిపి, వెనుకటి గోడ రంగులో కలిపివేయుదుము. బాసికము మాత్రము ముట్టుకొనము. అది అట్లే యుండనిమ్మని తరచు వారే కోరుదురు.