అమానత్‌గా వచ్చిన ఉపగ్రహం

ఇస్రో అనగానే మన పిల్లలకు చంద్రయాన్ గుర్తొస్తుంది, బుజుర్గులకు కలాం సాబ్ గుర్తొస్తారు. నాకు మాత్రం కోళ్ల గూటికి కట్టే ఇనుప జాలీ గుర్తొస్తుంది.

1975లో అలాంటి జాలీతోనే పదడుగుల డిష్‌లు చేసి మన పల్లెల్లో నిలబెట్టారు, నేరుగా ఆస్మాన్ నుంచే టీవీని అందుకోవడానికి. ఆ తజుర్బా పేరు సైట్. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 గ్రామాలు. ఉపగ్రహం మాత్రం మనది కాదు, అమెరికా నాసాది. పేరు ఏటీఎస్-6. ఒక ఏడాదికి అమానత్‌గా ఇచ్చారు.

ఇస్రో పుట్టింది 1969 ఆగస్టు 15న. మరుసటి నెలలోనే నాసాతో ఈ ముఆహిదా కుదిరింది. గరీబ్ ముల్క్‌కు ఈ షౌక్ ఎందుకని అడిగినవాళ్లకు విక్రమ్ సారాభాయ్ జవాబు సూటిగా ఉండేది: చంద్రుడి కోసం పోటీపడడానికి కాదు, మామూలు మనిషి జరూరత్ తీర్చడానికి. పాపం, ఆయన 1971లోనే పోయారు. ఆ తెరలు వెలగడం చూడలేదు.

అప్పట్లో ఉపగ్రహ సిగ్నల్ అందుకోవాలంటే నేల మీద భారీ యాంటెన్నా కావాలి. ఏటీఎస్-6 దీన్ని తిరగేసింది. ముప్పై అడుగుల యాంటెన్నా దానికే ఉంది, పైకెళ్లాక గొడుగులా విచ్చుకుంది. అందుకే కింద జాలీ సరిపోయింది. నాసా వంతు ఆకాశం, ఇస్రో వంతు నేల. సెట్లు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. తెలుగు కార్యక్రమాలు తయారైందీ హైదరాబాద్‌లోనే. తమాషా ఏమిటంటే ఆ షహర్ ఇళ్లకు దూరదర్శన్ ప్రసారం 1977లో గానీ రాలేదు. దేహాత్‌కు ముందు, షహర్‌కు తర్వాత! మన తారీఖ్‌లో ఇలా జరగడం అరుదు.

1975 ఆగస్టు 1 నుంచి రోజుకు నాలుగు గంటలు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం అవామ్‌కు సేద్యం, సెహత్, కుటుంబ నియంత్రణ. ఈ చివరి మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. అది ఎమర్జెన్సీ జమానా. నస్‌బందీ ఖౌఫ్ గల్లీగల్లీలో ఉన్న రోజులు. అదే తెర విత్తనాల గురించి చెప్పింది, అదే తెర హుకూమత్ మాటా వినిపించింది. ఇంజనీర్ల మెహనత్‌కు సలాం చేస్తూనే, మైకు ఎవరి చేతిలో ఉండిందో కూడా రాసుకోవాలి.

1976 జూలై 31తో గడువు తీరింది. నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి మళ్లించుకుంది. కొన్నిచోట్ల నేల మీది ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి, తక్కిన ఊళ్లలో తెర నల్లబడింది. 1983 నాటి ఇన్శాట్-1బి అమెరికా కంపెనీ చేసిందే. మనవాళ్లు సొంతంగా తయారుచేసిన ఇన్శాట్-2ఎ 1992లో గానీ ఎగరలేదు. అదీ పరాయి రాకెట్ మీదే.