బుద్ధియంత్రమునకు పరీక్షకులు

1951వ సంవత్సరము మే 15వ తేదీన బి.బి.సి. వారి థర్డ్ ప్రోగ్రాములో ఒక ప్రసంగము ప్రసారమైనది. ప్రసంగకర్త ఆలన్ ట్యూరింగ్ అను గణితశాస్త్రజ్ఞుడు. కంప్యూటరు ఆలోచింపగలదా అనునది ఆనాటి విషయము. యంత్రము మనకంటె మేలుగా ఆలోచింప నేర్చినచో, విద్యుత్తును ఆపి దానిని లొంగదీసుకొనగలిగినను, మానవజాతికి గర్వభంగము తప్పదని ఆయన చెప్పెను. ఆ కంఠధ్వని నేడు మనకు లభించుట లేదు. వ్రాతప్రతి మాత్రము నిలిచినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ట్యూరింగుతో కలిసి బ్లెచ్లీ పార్కులో జర్మనుల రహస్యలిపిని ఛేదించిన వారిలో ఐ. జె. గుడ్ ఒకరు. మానవుని మించిన యంత్రము పుట్టినచో అంతకు మించిన యంత్రములను అదియే నిర్మించుకొనునని ఆయన 1965లో వ్రాసెను. అప్పుడు మానవుడు స్వయముగా కనిపెట్టవలసినది మరి యుండదు. అయితే తనను అదుపులో నుంచు ఉపాయమును మనకు తెలుపునంత సాధుత్వము ఆ యంత్రమునకు ఉండవలెనని కూడ ఆయన చేర్చెను.

క్రొత్త యంత్రమును ప్రభుత్వము పరీక్షించుట మనకు వింత కాదు. 1863లో కలకత్తాలో ఆవిరి బాయిలరు ప్రేలి పలువురు మరణించిరి. ఆ పిమ్మటనే, 1864లో, బాయిలర్ల తనిఖీకై బెంగాలులో చట్టము వచ్చినది. దేశమంతటికి వర్తించు చట్టము 1923లో గాని రాలేదు. ముందు ప్రాణనష్టము, వెనుక చట్టము: ఇది యంత్రయుగమున తరచుగా జరిగిన కథ.

కృత్రిమ మేధ విషయమున ఈ క్రమమును తారుమారు చేయవలెనని బ్రిటిషు ప్రభుత్వము తలపెట్టినది. 2023లో 10 కోట్ల పౌనులు కేటాయించి ఒక కార్యదళమును నియమించినది. ఆ నవంబరు 1, 2 తేదీలలో, ట్యూరింగ్ పనిచేసిన ఆ బ్లెచ్లీ పార్కులోనే, తొలి అంతర్జాతీయ సమావేశము జరిగినది. మన దేశము, అమెరికా, చైనా మొదలుగా 28 దేశములును, ఐరోపా సమాఖ్యయు ఒక ప్రకటనను అంగీకరించినవి. ఆ కార్యదళమే కృత్రిమ మేధ భద్రతా సంస్థగా రూపొందినది. విషరసాయనముల తయారీకి యంత్రము తోడ్పడునా, కంప్యూటరు వ్యవస్థలపై దాడి చేయగలదా, తన్ను నడుపువారిని మోసగింపగలదా అని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షింతురు.

బాయిలరులోని ఒత్తిడిని కొలుచుటకు ముల్లు గల మీటరు ఉన్నది. బుద్ధియంత్రపు అంతరంగమును చూపు ముల్లు ఇంకను లేదు. దానిని ప్రశ్నించి, ప్రలోభపెట్టి, దాని నడవడిని బట్టి అంచనా వేయవలసినదే. అంతేకాదు, బాయిలరు తనిఖీదారు మిల్లును ఆపించగలడు. బ్రిటిషు సంస్థకు అట్టి అధికారము నీయలేదు. నిర్మాతలు స్వచ్ఛందముగా యంత్రమును అప్పగించినప్పుడే పరీక్ష సాగెను. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఆంగ్లనామమున ‘సేఫ్టీ’ పోయి ‘సెక్యూరిటీ’ వచ్చినది. నేరములు, దేశరక్షణ ప్రధానములైనవి.

మన దేశమున 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గము 10,300 కోట్ల రూపాయలకు పైగా వ్యయముతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించినది. సురక్షితమైన, నమ్మదగిన కృత్రిమ మేధ అందలి ఒక విభాగము. 2025 జనవరి 30న భద్రతా సంస్థ యొకటి ప్రకటితమైనది. ఒకే భవనమునకు పరిమితము గాక, పలు విద్యాసంస్థలను కలుపుకొని పనిచేయుట దాని పద్ధతి.

ఇందు తెలుగువారికి సంబంధమేమి యని అడుగవచ్చును. 2023లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రసిద్ధ యంత్రమును పరీక్షించిరి. ఇంగ్లీషున అడిగినపుడు అది నిరాకరించిన హానికరమైన ప్రశ్నలకు, జూలూ వంటి భాషలలోనికి మార్చి అడుగగా, తరచుగా సమాధానము లిచ్చినది! ఒక భాషలో వేసిన గడియ మరియొక భాషలో ఊడిపోవుచున్నదన్నమాట. మన రైతు ఎరువు మోతాదును, మన తల్లి బిడ్డ జ్వరమునకు మందును తెలుగుననే అడుగుదురు. లండనులో ఇంగ్లీషున జరిగిన పరీక్ష వారికి చాలదు. తెలుగున ప్రశ్నించి తప్పొప్పులు తేల్చు పని మన విశ్వవిద్యాలయములు చేపట్టవలసియున్నది. కలకత్తా బాయిలరు వలె ఏదో యొకటి ప్రేలువరకు మనము వేచియుండ నక్కరలేదు.