మచిలీపట్నం: సందర్శన

మచిలీపట్నం (బందరు) కృష్ణా జిల్లా కేంద్రం. ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు. సూర్యాపేట, కోదాడ ప్రాంతాలవారికి ఇది దారి తెలిసిన సముద్రం: రెండు ఊళ్లూ ఉన్న 65వ జాతీయ రహదారి విజయవాడ మీదుగా నేరుగా బందరులోనే ముగుస్తుంది. మిర్యాలగూడవారు హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరి ఈ దారి పడతారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే కూడా గోల్కొండకు, ఈ రేవుకు మధ్య ప్రయాణించాడు.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. డచ్చివారు అంతకుముందే వచ్చారు. వారి కట్టడాల శిథిలాలు బందరుకోటలో ఉన్నాయి. 1864 తుపాను ఉప్పెన వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఆ దెబ్బ నుంచి రేవు కోలుకోలేదు. అందుకే ఘనమైన కోటల కోసం వచ్చేవారికి నిరాశే.

చూడవలసింది పనితనం. పక్కనున్న పెడనలో కలంకారీ అద్దకం సాగుతోంది. కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టిన గుడ్డపై చెక్క అచ్చు పెట్టి పిడికిలితో ఒక దెబ్బ వేస్తారు. నల్లరంగు తుప్పుపట్టిన ఇనుము, బెల్లం ఊరిన నీటి నుంచి వస్తుంది. పట్టణంలోని చిలకలపూడి, పాండురంగస్వామి ఆలయానికీ, రోల్డుగోల్డు నగలకూ పేరుపొందింది. మంగినపూడి బీచి పట్టణానికి పదికిలోమీటర్ల పైచిలుకు దూరం.

తిరుగు ప్రయాణంలో బందరు లడ్డు పొట్లం తప్పనిసరి. శనగపిండి పూసను వేయించి, దంచి, బెల్లం పాకంతో, నేతితో కలిపి చేస్తారు. అలా దంచడం వల్లే దీనికి తొక్కుడు లడ్డు అన్న పేరు.