ఫ్రీ నీళ్ల మెసేజ్, సరాయి గోడ మీద ధరల పట్టీ

మొగుడంపల్లి నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్ గురించి. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. "ఇండియన్ సిరీస్ యాక్ట్, 1887" అని ఒక చట్టం ఉందట. దాని ప్రకారం మీరు ఏ హోటల్‌కి వెళ్లినా, అది ఫైవ్ స్టార్ అయినా సరే, మీకూ మీ పెంపుడు కుక్కకూ ఫ్రీగా నీళ్లివ్వాలట, బాత్రూం వాడుకోనివ్వాలట. ఇవ్వకపోతే లైసెన్స్ రద్దట.

ముందు పేరు సరిచేద్దాం. అది "సిరీస్" కాదు, సరాయి. బాటసారులు దిగే సరాయి. ఇంగ్లిష్‌లో "సరాయిస్ యాక్ట్" అని రాస్తే ఎవరో సిరీస్ అని చదివారు, అలాగే ఊరంతా తిరిగింది. వెబ్ సిరీస్‌ల కాలం కదా, ఎవరికీ అనుమానం రాలేదు. సంవత్సరం కూడా 1887 కాదు, 1867. ఆ ఏడాది వచ్చిన 22వ చట్టం అది.

సరే, పేరు తప్పు, సంవత్సరం తప్పు. లోపలి విషయమైనా నిజమా? ఆ చట్టం చిన్నదే, ఓపిగ్గా ఒక టీ తాగేలోపు చదివెయ్యొచ్చు. చదివితే తెలిసేది ఏంటంటే, అందులో ఫ్రీ నీళ్ల మాట లేదు. కానీ జంతువుల మాట ఉంది, ధరల మాట కూడా ఉంది. ఈ రెండూ ఒకే సెక్షన్‌లో ఉన్నాయి. నాకు ఆసక్తిగా అనిపించింది అదే. ఎందుకంటే ఇవాళ మనం ఫోన్‌లో ఫామ్‌హౌసో హోమ్‌స్టేనో బుక్ చేసేటప్పుడు గొడవ వచ్చేది సరిగ్గా ఈ రెండిటి దగ్గరే. కుక్కను తీసుకురావచ్చా? చివరికి మొత్తం ఎంతవుతుంది?

దీన్ని అర్థం చేసుకోవాలంటే మన దారి నుంచే మొదలుపెట్టాలి. మన మొగుడంపల్లి గోల్కొండకీ బీదర్‌కీ మధ్య నేల. ఇప్పుడు 65వ నంబర్ హైవే మీద లారీలు మాడ్గి దగ్గర కర్ణాటక సరిహద్దు దాటి పోతున్నాయి చూడండి, ఈ ఇలాకాలో ఒకప్పుడు సరుకు నడిచింది ఎద్దుల మీద. మా దిక్కు ఇన్ని లంబాడీ తండాలు ఉన్నాయి కదా, వాళ్ల పూర్వీకులే దక్కన్ మొత్తానికీ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే బంజారాల బిడారుల గురించి రాశాడు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులట. ధాన్యం, ఉప్పు మోసేవి. కుటుంబాలు, పిల్లలు, కాపలా కుక్కలు, అందరూ కలిసి నడక. వాళ్లకు గది అవసరం లేదు. నీళ్లూ మేతా ఉన్న చోట బస్తాలు దించి విడిది చేసేవాళ్లు. దాన్నే హిందీ, ఉర్దూలో పడావ్ అంటారు, మన తెలుగులో మజిలీ. ఈ పడావ్ అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

గది కావాల్సినవాళ్లకు సరాయి. హైదరాబాద్‌లో గోల్కొండ కోట దగ్గర షేక్‌పేట సరాయి ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటిది. మీలో చాలామంది టోలిచౌకి వైపు వెళ్తూ దాన్ని దాటే ఉంటారు, చూసి ఉండరు. రెండంతస్తులు, సుమారు ముప్పై గదులు, పక్కన మసీదు. వీటితో పాటు గుర్రాలకూ ఒంటెలకూ కట్టేసే చోటు. అంటే ఆ బిల్డింగ్ ప్లాన్ గీసినప్పుడే జంతువు ప్లాన్‌లో ఉంది. ఉత్తరాదిన 1540 నుంచి 1545 దాకా ఏలిన షేర్‌షా కట్టించిన సరాయిల్లోనూ అంతే, మనిషికి తిండితో పాటు గుర్రానికి దాణా ఏర్పాటు ఉండేదని అప్పటి చరిత్రకారులు రాశారు.

ఇది జాలితో చేసిన పని అనుకోకండి. గుర్రం అంటే అప్పుడు బండి. ఇవాళ ఏ లాడ్జికైనా పార్కింగ్ లేకపోతే మనం దిగుతామా? అప్పుడు గుర్రపుశాల లేని సరాయి కూడా అలాంటిదే. "మీ గుర్రానికి వేరే చార్జీ, అది చెకౌట్ రోజు చెప్తాం" అంటే ఒక్క వ్యాపారి కూడా దిగేవాడు కాదు.

మన తెలుగువాళ్లలో ఈ బస సంగతులన్నీ శ్రద్ధగా రాసిపెట్టిన మనిషి ఏనుగుల వీరాస్వామి. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి హైదరాబాద్ మీదుగా కాశీకి వెళ్లాడు. పల్లకి, బోయీలు, పెద్ద పరివారం. ఏ మజిలీలో దిగడానికి చోటుంది, నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లలో ఏం దొరుకుతాయి, అన్నీ రాస్తూ పోయాడు. ఆయన మిత్రుడు శ్రీనివాస పిళ్లె దాన్ని కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చు వేయించాడు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే స్టార్లు ఇవ్వని రివ్యూలు. వెనక వచ్చేవాడు మోసపోకుండా ఉండాలంటే ముందు వెళ్లినవాడు రాసిపెట్టాలి, అంతకుమించి దారి లేదు అప్పట్లో.

ఇప్పుడు 1867 చట్టానికి వద్దాం. అందులో ఏడో సెక్షన్ సరాయి నడిపేవాడి బాధ్యతలు చెబుతుంది. గదులు, వరండాలు, కాలవలు శుభ్రం చెయ్యాలి. సరాయిలో దిగిన మనుషులూ జంతువులూ వాడే బావులు, చెరువులు శుభ్రంగా ఉంచాలి. చూశారా, "మీకూ మీ పెంపుడు జంతువుకూ నీళ్లు" అనే మెసేజ్ బహుశా ఈ వాక్యం నుంచే మొలిచింది. కానీ ఇక్కడ ఉన్నది శుభ్రత మాట, ఉచితం మాట కాదు. తర్వాత, అక్కడ దిగిన మనుషులకూ జంతువులకూ బండ్లకూ రక్షణగా సరిపడా కావలివాళ్లను పెట్టాలి. ఎవరికైనా అంటురోగం వస్తే పోలీస్ స్టేషన్‌కు కబురు చెయ్యాలి. చివరగా, సరాయి వాడుకున్నందుకు తీసుకునే చార్జీల పట్టీని జిల్లా మేజిస్ట్రేట్ చెప్పిన చోట, చెప్పిన పద్ధతిలో, చెప్పిన భాషల్లో అందరికీ కనపడేలా పెట్టాలి.

ఆ చివరి మాట ఒక్కసారి ఆలోచించండి. అన్నీ ఫ్రీ అయితే చార్జీల పట్టీ ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నతో ఆ వాట్సాప్ మెసేజ్ పడిపోతుంది. పట్టీ ఎక్కడ పెట్టాలో, ఏ భాషలో రాయాలో కూడా యజమాని ఇష్టానికి వదల్లేదు. ఇంగ్లిష్‌లో రాసి, తలుపు వెనక వేలాడదీసి, "పెట్టాం కదా" అంటే కుదరదు. ఉల్లంఘిస్తే ఇరవై రూపాయల దాకా జరిమానా, తప్పు అలాగే సాగితే రోజుకో రూపాయి దాకా అదనం. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ 1867లో ఇరవై రూపాయలంటే చిన్న సంగతి కాదు. సరాయి అనే మాటకు ఇచ్చిన అర్థంలో పడావ్ కూడా ఉంది. అంటే గోడలున్న సరాయికే కాదు, బిడార్లు విడిది చేసే చోటుకు కూడా, వర్తించినంత మేరకు, ఈ చట్టం వర్తిస్తుంది.

అయితే ఒక సంగతి. ఇది బ్రిటిష్ ఇండియా చట్టం. మనం అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్నాం, కాబట్టి మొగుడంపల్లి దారిలో దిగినవాడికి ఆ ఏడో సెక్షన్ అండ లేదు. దీన్ని పెద్ద ప్రజాహిత చట్టం అని పొగడడం కూడా నాకు ఇష్టం లేదు. సరాయి ఎవరు నడుపుతున్నారో రిజిస్టర్‌లో ఎక్కించి మేజిస్ట్రేట్, పోలీసు చేతిలో పెట్టుకోవడం దాని అసలు పని. కానీ ధరల పట్టీ అనే మంచి అలవాటు దాంట్లో ఉంది, ఆ మాత్రం ఒప్పుకోవాలి. దొరలు దిగే డాక్ బంగళాల్లోనూ ఇదే పద్ధతి. రోజుకు ఇంత అని గోడకు పట్టీ ఉండేది.

మరి జంతువు ఈ లెక్కలోంచి ఎప్పుడు జారిపోయింది? రైలు వచ్చినప్పుడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. ఆ తర్వాత బస్సులు, కార్లు. ప్రయాణికుడు ఇక గుర్రం మీద రావడం లేదు. బస కట్టేవాళ్లు గుర్రపుశాల మానేశారు, కొన్నాళ్లకు ఆ చోట కారు షెడ్డు వచ్చింది. దాంతో జంతువు అంటే ప్రయాణ సాధనం కాదు, సరదాకి పెంచుకునేది అయింది. కుక్క వెంట వస్తే అది ప్లాన్‌లో లేని అతిథి. ప్లాన్‌లో లేనిదానికి ధర ఎవడి ఇష్టం వాడిది.

రైల్వే మాత్రం పాత పద్ధతి వదల్లేదు, అది మెచ్చుకోవాలి. కుక్కను ఏసీ ఫస్ట్ క్లాస్‌లో కూపే లేదా కేబిన్ మొత్తం మీ పేర ఉంటే మీతో తీసుకెళ్లొచ్చు, లేకపోతే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల పెట్టెలో. చార్జీ లగేజీ లెక్కన, ముందే రాసి ఉన్న పట్టిక ప్రకారం. నచ్చినా నచ్చకపోయినా ఎంతో తెలుసు.

ఫామ్‌హౌస్‌కి ఆ సుఖం లేదు. ఒక లెక్క వేద్దాం. ఇవి ఉదాహరణకి నేను పెట్టుకున్న అంకెలు, ఏ ఒక్క చోటివీ కావు. స్క్రీన్ మీద రాత్రికి ₹5,000 అని ఉంది. నొక్కారు. క్లీనింగ్ ₹800 వచ్చింది. సర్వీస్ ఫీజు ₹700. పెట్ ఉందని టిక్ పెడితే ఇంకో ₹1,000. మొత్తం ₹7,500. దాని మీద 5 శాతం జీఎస్టీ అనుకుంటే ₹7,875. అయిదు వేలు చూసి లోపలికి వెళ్లిన మనిషి ఎనిమిది వేల దగ్గర బయటపడ్డాడు. అప్పటికి ఇంట్లో పిల్లలు బ్యాగులు సర్దేశారు, ఇక వెనక్కి పోరు. ఆ సంగతి ధర పెట్టినవాడికి బాగా తెలుసు. మన దగ్గర దీనికి చట్టంలోనే పేరు వచ్చింది, డ్రిప్ ప్రైసింగ్. నల్లా నుంచి చుక్క చుక్క కారినట్టు ధర కారుతుంది. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందులో 13 రకాల మాయలు పేర్కొన్నారు, ఇది వాటిలో ఒకటి.

దానికంటే ముందే 2020 జులైలో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. ఆన్‌లైన్ మార్కెట్‌లో అమ్మేవాడు వస్తువైనా సేవైనా మొత్తం ధరను ఒకే అంకెలో చూపించాలి, తప్పనిసరి చార్జీలూ ఐచ్ఛిక చార్జీలూ విడమర్చి చూపించాలి. నాకైతే ఇది చదవగానే ఏడో సెక్షన్ చివరి మాటే గుర్తొచ్చింది. గోడ పోయి స్క్రీన్ వచ్చింది, పట్టీ ఉండాలన్న మాట 153 ఏళ్ల తర్వాత తిరిగి వచ్చింది. బయట కూడా ఇదే గొడవ. 2018లో యూరోపియన్ కమిషన్ ఎయిర్‌బీఎన్‌బీని పట్టుకుని అడిగింది, మొత్తం ధర మొదటే చూపించమని. అమెరికాలో తాత్కాలిక బసలకు, షో టికెట్లకు ఇదే నియమం 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇక కుక్కను రానివ్వాలా వద్దా అనేది హోటల్ వాళ్ల ఇష్టమే. వద్దన్నారని వాట్సాప్ మెసేజ్ చూపించి కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకుంటే పరువు పోయేది మనదే, ఎండలో కారులో కూర్చోవాల్సింది ఆ కుక్క. కానీ రానిస్తామని డబ్బు అడిగేవాళ్లను గట్టిగా అడగొచ్చు. పెట్ ఫీజు రాత్రికా, మొత్తం బసకా? ఒక్కో కుక్కకా, ఎన్ని ఉన్నా అంతేనా? తిరిగి ఇచ్చే డిపాజిట్టా, తిరిగిరాని ఫీజా? మంచం దగ్గరికి రానిస్తారా, గేటు దగ్గర కట్టేయమంటారా? చివరిది ముఖ్యం. "పెట్స్ అలవ్డ్" అని రాసి, తీరా వెళ్లాక బయట షెడ్డు చూపించే చోట్లు ఉన్నాయి. ఫోన్‌లో నోటిమాటతో వదిలెయ్యకుండా చాట్‌లో రాతపూర్వకంగా అడగండి. మొదటి స్క్రీన్ మీద ధరా, పేమెంట్ స్క్రీన్ మీద ధరా రెండూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తేడాకు సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మన ఊళ్లలో కూడా ఇప్పుడు పొలాల్లో గదులు కట్టి వీకెండ్‌కి ఇస్తున్నవాళ్లు మొదలయ్యారు, ఝరాసంగం గుడికి వచ్చేవాళ్లు, బీదర్ కోట చూడబోయేవాళ్లు దిగుతున్నారు. ఈ ఎపిసోడ్ చూసేవాళ్లలో అలాంటి ఇల్లు నడిపే తమ్ముళ్లుంటే, గేటు దగ్గర ఒక బోర్డు రాయించండి. గది ఇంత, కుక్క ఉంటే ఇంత, అంతకుమించి ఏమీ లేదు అని. తెలుగు, కన్నడ, ఉర్దూ, హిందీ, నాలుగు భాషల్లో రాస్తే ఈ దారిలో పోయే ప్రతివాడూ చదువుతాడు.

వచ్చే ఎపిసోడ్‌లో, 1956 దాకా బీదర్ జిల్లాలో ఉన్న మన జహీరాబాద్ తాలూకా మెదక్‌లోకి ఎలా వచ్చింది, నిర్ణా సర్కిల్ మాత్రం అవతలే ఎందుకు ఉండిపోయింది, ఆ కథ చూద్దాం. ఉంటా మరి.