ఆదేశానికి దారి దొరకనప్పుడు: ఫోల్డర్ చిరునామాల చరిత్ర

శాసనం ముందు నిలబడిన చరిత్ర విద్యార్థి మొదట అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇది ఏ కాలానిది? ఎవరు వేయించారు? ఎవరు చదువుతారనుకుని వేయించారు? కంప్యూటర్ తెర మీద కనిపించే ఎర్రర్ సందేశాన్ని కూడా ఇవే ప్రశ్నలతో చదవవచ్చు. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే. ఫోల్డర్ పేర్లనూ, ఆదేశాలనూ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీ తెర మీద అవి ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయని గుర్తుంచుకోండి.

1989 నవంబరులో గే తుపాను కావలి దగ్గర తీరం దాటింది. ఆ రాత్రిని కళ్ళారా చూసిన ముసలి మత్స్యకారుల జ్ఞాపకాలను మన విద్యార్థిని ఒకరు ప్రాజెక్టు పని కోసం ఫోన్‌లో రికార్డు చేశారు. రికార్డింగుల ఫార్మాట్ మార్చడానికి ఒక చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ కావలసి వచ్చింది. దానికి బొమ్మలూ బటన్లూ లేవు. కమాండ్ లైన్‌లో, అంటే నల్లటి తెర మీద అక్షరాలతో ఆదేశం ఇచ్చి నడపాలి. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో విండోస్ ఖాతా పేరు తెలుగులో ఉంది: ఇంటిపేరు, ఒక ఖాళీ, ఆ తర్వాత పేరు. సాఫ్ట్‌వేర్ ఆ ఖాతా ఫోల్డర్‌లోనే ఇన్‌స్టాల్ అయింది. ఆదేశం ఇవ్వగానే, ఇంటిపేరు వరకే చూపించి, అలాంటి ఆదేశమేదీ లేదని సందేశం వచ్చింది. రెండు రోజులు తంటాలు పడి అధ్యయన కేంద్రానికి వచ్చి, "సార్, నా పేరే తప్పంటోంది" అన్నది.

ఆమె పేరులో తప్పేమీ లేదు. ఆ సందేశం వెనుక ఉన్న నిర్ణయాలు ఆమె పుట్టకముందే, వేల మైళ్ళ అవతల జరిగాయి.

ఖాళీ అనే గుర్తు

నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో సంపుటాలుగా ప్రచురించారు. మూలశిలల మీద పదాల మధ్య ఖాళీ ఉండదు. తాటాకు గ్రంథాలలోనూ అంతే. అక్షరాలు వరుసగా సాగిపోతాయి, పదచ్ఛేదం చదివేవాడి పని. ఎక్కడ విడదీస్తామన్నది ఎంత ముఖ్యమో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. "మావిడాకులు" పెళ్ళి పందిరికి కట్టేవి, "మా విడాకులు" కోర్టులో తీసుకునేవి.

ఆదేశాన్ని చదివే ప్రోగ్రామును షెల్ అంటారు. అది చేసే మొదటి పని పదచ్ఛేదమే. ఖాళీ కనబడితే అక్కడ పదం ముగిసిందనుకుంటుంది. మొదటి పదం నడపవలసిన ప్రోగ్రాము, మిగిలినవి దానికి ఇచ్చే వివరాలు. టైపు యంత్రం వంటి టెర్మినళ్ళ ముందు కూర్చుని పొట్టి పేర్లు వాడిన కాలానికి ఈ నియమం చక్కగా సరిపోయింది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో మొదలుపెట్టిన యునిక్స్‌లో ఫైలు పేరులో ఖాళీ ఉండకూడదన్న నిషేధమేమీ లేదు. అయినా ఎవరూ పెట్టుకోలేదు, అవసరం రాలేదు.

వ్యక్తిగత కంప్యూటర్ల వైపు ఇంకా బిగుతు. గ్యారీ కిల్డాల్ 1970లలో రూపొందించిన సీపీ/ఎం వ్యవస్థలో ఫైలు పేరుకు 8 అక్షరాలు, దాని రకానికి మరో 3 మాత్రమే. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ ఇదే కొలతను తీసుకున్నది. ఎనిమిది అక్షరాల్లో పేరు కుదించుకునేవారు ఖాళీకి చోటు వృథా చేయరు కదా.

1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలైంది. ఫైలు పేరు 255 అక్షరాల దాకా ఉండవచ్చు, మధ్యలో ఖాళీలూ ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్లన్నీ చేరే ఫోల్డర్‌కే రెండు మాటల పేరు పెట్టారు: "ప్రోగ్రామ్ ఫైల్స్". కానీ ఖాళీ దగ్గర పదాన్ని తెంచే పాత నియమం అలాగే ఉండిపోయింది. "సి:\ప్రోగ్రామ్ ఫైల్స్\..." అని మీరు రాస్తే షెల్ "సి:\ప్రోగ్రామ్" దగ్గర ఆగి, ఆ పేరుతో ప్రోగ్రామేదీ లేదంటుంది. ముప్పై ఏళ్ళుగా కోట్లమంది చూసిన సందేశమిది. విరుగుడు చిన్నదే: చిరునామా మొత్తాన్ని జంట కోట్స్ మధ్య పెట్టడం. అప్పుడు ఖాళీతో సహా అంతా ఒకే పదమవుతుంది. పాత ప్రోగ్రాములు నడవాలని విండోస్ ప్రతి పొడవు పేరుకూ ఒక పొట్టి మారుపేరు కూడా ఇచ్చింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌కు ఆరు అక్షరాలు, ఒక వంకర గీత, ఒకటో అంకె. అది ఎనిమిది అక్షరాల యుగపు అవశేషం. ఇప్పటికీ చాలా యంత్రాల్లో పనిచేస్తుంది.

ఇది వట్టి చిరాకు వ్యవహారమని అనుకోకండి. 2001 నవంబరులో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ 2.0ను విడుదల చేసింది. దాని ఇన్‌స్టాలర్ పాత ప్రతిని తొలగించే ఆదేశంలో చిరునామా చుట్టూ కోట్స్ పెట్టడం మరిచారు. డిస్క్ పేరులో ఖాళీ ఉన్నవారి యంత్రాల్లో ఆ ఆదేశం పేరు మధ్యలో తెగి, చెరపకూడని దాన్ని చెరిపింది. కొందరు డిస్క్‌లోని సమాచారమంతా పోగొట్టుకున్నారు. ఆ ప్రతిని వెంటనే వెనక్కి తీసుకుని సవరించినది ఇచ్చారు. ఒక్క ఖాళీ, రెండు కోట్స్: జరిగిన పొరపాటు అంతే.

64 బిట్ల విండోస్ వచ్చాక "ప్రోగ్రామ్ ఫైల్స్" పక్కన కుండలీకరణాలతో ఇంకో ఫోల్డర్ చేరింది. బ్యాచ్ ఫైళ్ళలో కుండలీకరణానికి వేరే అర్థం ఉంది, అది వాక్య సమూహాన్ని ముగిస్తుంది. దాంతో సవ్యంగా నడుస్తున్న బ్యాచ్ ఫైళ్ళు కొన్ని హఠాత్తుగా మొరాయించాయి. పాత నియమాన్ని వదలకుండా కొత్త పేరు పెట్టడం అప్పటికి రెండోసారి.

వాలు గీత ఎటు వాలాలి

ఫోల్డర్లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ అనే చెట్టులాంటి అమరికను మల్టిక్స్ వ్యవస్థ కోసం డేలీ, న్యూమన్ 1965లో ఒక పత్రంలో వివరించారు. యునిక్స్ దాన్ని సరళం చేసి, ఫోల్డర్ల మధ్య ముందుకు వాలిన గీతను పెట్టింది. తొలి డాస్‌లో ఫోల్డర్లే లేవు. ఫ్లాపీలో ఉన్న కొద్ది ఫైళ్ళకు అవి అక్కరలేదు. పైగా ముందుకు వాలిన గీతను ఆదేశాల ఐచ్ఛికాలకు వాడుకున్నారు. 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో ఐబీఎం ఎక్స్‌టీ వచ్చేసరికి ఫోల్డర్లు తప్పలేదు. డాస్ 2.0 యునిక్స్ నమూనాను తెచ్చుకున్నది కానీ ఆ గీత అప్పటికే ఇంకో పనిలో ఉంది. అందుకని వెనక్కి వాలిన గీతను, అంటే బ్యాక్‌స్లాష్‌ను ఎంచుకున్నారు. అదే గీతకు చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో "తర్వాతి అక్షరానికి ప్రత్యేకార్థం" అనే అర్థం ఉంది. అందువల్ల "సి:\న్యూ" అని ప్రోగ్రాములో ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే గీత, దాని తర్వాతి అక్షరం కలిసి కొత్త పంక్తిగా మారిపోతాయి. జపాను యంత్రాల్లో ఆ గీత స్థానంలో యెన్ గుర్తు కనబడేది. అక్కడివారికి ఫోల్డర్ చిరునామా డబ్బు లెక్కలా ఉండేదన్నమాట.

ఊరు అక్కడే, చిరునామా వేరు

ప్రతిసారీ పూర్తి చిరునామా రాయకుండా, "ఈ ఫోల్డర్లలో వెతుకు" అని ఒక జాబితా ఇచ్చే పద్ధతి ఉంది. దాన్నే పాత్ అంటారు. 1979 నాటి యునిక్స్ ఏడో ప్రతిలోని బోర్న్ షెల్‌లోనూ, తర్వాత డాస్ 2.0లోనూ ఇది ఉంది. యునిక్స్ జాబితాలో చిరునామాల మధ్య కోలన్ పెడతారు. డాస్‌లో డ్రైవు అక్షరం పక్కన కోలన్ ఉంది కనుక సెమీకోలన్ పెట్టారు. ఒకదాని కోసం రాసిన సూచన ఇంకోదాంట్లో విఫలమవడానికి ఇదొక కారణం.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. అంతవరకూ నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. రాకెట్ ప్రయోగ వేదిక అంగుళం కదలలేదు, కానీ పాత చిరునామా రాసిన దరఖాస్తులన్నీ సరిచేయవలసి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో దీనికి తిరగబడిన పరిస్థితి ఎక్కువ: ఫోల్డర్ కదులుతుంది, పాత్ జాబితాలో పాత చిరునామా మిగిలిపోతుంది. లేదా పాత ప్రతి చిరునామా జాబితాలో ముందుండి, కొత్తది ఇన్‌స్టాల్ చేసినా పాతదే పలుకుతుంది. విండోస్‌లో "వేర్" అనే ఆదేశం పక్కన ప్రోగ్రాము పేరు రాస్తే, అది ఏయే ఫోల్డర్లలో దొరుకుతోందో వరుసగా చెబుతుంది. ఎర్రర్ రాగానే మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేవారు ముందు ఈ పని చేస్తే సగం రోజు మిగులుతుంది. పాత్ మార్చిన తర్వాత కమాండ్ కిటికీని మూసి కొత్తది తెరవాలి. కిటికీ తెరిచినప్పుడు ఉన్న జాబితా నకలే దాని దగ్గర ఉంటుంది, తర్వాతి మార్పులు దానికి తెలియవు. "సెట్‌ఎక్స్" ఆదేశంతో పాత్ మార్చేవారికి ఇంకో హెచ్చరిక: 1024 అక్షరాలు దాటినదాన్ని అది కత్తిరిస్తుంది.

తెలుగుకు లేని పట్టిక

మళ్ళీ మన విద్యార్థిని దగ్గరికి వద్దాం. కోట్స్ పెట్టాక ప్రోగ్రాము మొదలైంది. కానీ తన సొంత ఫోల్డర్‌లోనే ఉన్న సహాయక ఫైలు దొరకడం లేదని చెప్పింది. ఈసారి చిరునామాలో ఆమె పేరుండవలసిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు కనిపించాయి. ఇంట్లో కూర్చుని ఇల్లెక్కడని అడిగినట్టుంది కదూ.

దీని కారణం ఖాళీ కాదు, లిపి. యూనికోడ్‌కు ముందు విండోస్ ఒక్కో భాషాసమూహానికి ఒక్కో అక్షరాల పట్టికను వాడేది. పశ్చిమ యూరపుకు ఒకటి, రష్యనుకు ఒకటి, థాయ్‌కి ఒకటి. ప్రోగ్రాములు ఆ పట్టిక ద్వారానే ఫైలు పేర్లను అడిగేవి. భారతీయ భాషలకు 1991లో ఇస్కీ ప్రమాణం ఖరారైంది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి ప్రతిలో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీ తెలుగును చేర్చినప్పుడు అది యూనికోడ్ ద్వారానే వచ్చింది, పాత పద్ధతి పట్టిక తెలుగుకు ఇవ్వలేదు. సాంకేతికంగా అది సరైన నిర్ణయమేననుకుంటాను. కానీ పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాములు అలాగే మిగిలాయి. అవి తెలుగు పేరు అడిగితే విండోస్ ఒక్కో అక్షర సంకేతానికీ ఒక్కో ప్రశ్నార్థకం అందిస్తుంది. విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం ఉండనే కూడదు. అంటే ఆ చిరునామా ఎప్పటికీ దొరకదు.

జర్మన్, స్పానిష్ వారికీ తంటాలు తప్పలేదు. ఒకప్పుడు వారి విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్‌ ఫోల్డర్‌కు వారి భాషలోనే పేరుండేది. ఇంగ్లీషు పేరునే నమ్ముకుని రాసిన ఇన్‌స్టాలర్లు అక్కడ తడబడేవి. విస్టా నుంచి అసలు పేరు ఇంగ్లీషులోనే ఉంచి, పైకి మాత్రం స్థానిక భాష చూపడం మొదలుపెట్టారు. అయితే వారి అక్షరాలకు పట్టిక ఉంది, మనకు లేదు.

పరిస్థితి మెల్లగా మారుతోంది. పైథాన్ 3.6 (2016) విండోస్‌లో ఫైలు పేర్లకు యూటీఎఫ్-8ను స్వీకరించింది. 2019 నుంచి విండోస్ 10లో ఏ ప్రోగ్రామైనా తనకు యూటీఎఫ్-8 కావాలని ప్రకటించుకోవచ్చు. అక్కడా ఒక మెలిక ఉంది. లినక్స్‌లో సాధారణంగా ఫైలు పేరుకు 255 బైట్లు పరిమితి, యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. "నెల్లూరు" మనకు మూడక్షరాలే, యంత్రానికి 8 సంకేతాలు, 24 బైట్లు. ఇంగ్లీషులో 255 అక్షరాల పేరు పెట్టగలిగినచోట మనకు 85 సంకేతాలే దక్కుతాయి. విండోస్‌లో మొత్తం చిరునామాకు చాలాకాలంగా ఉన్న 260 పరిమితిని సంకేతాల లెక్కన చూస్తారు కనుక అక్కడ నష్టం కొంత తక్కువ.

ఆ రోజు మేము చేసిందేమిటంటే, సాఫ్ట్‌వేర్‌ను తీసేసి "సి:\టూల్స్" అనే ఖాళీలేని ఇంగ్లీషు పేరున్న ఫోల్డర్‌లో మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాం. రికార్డింగుల ఫోల్డర్‌కు ఆమె పెట్టుకున్న తెలుగు పేరును మాత్రం మార్చనివ్వలేదు. "సీడీ" ఆదేశంతో ముందు ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి, లోపలి ఫైళ్ళను అంకెల పేర్లతో పిలిచాం. మనం ఉన్నచోటి నుంచి చెప్పే చిరునామాలో ఫోల్డర్ పేరు రాయవలసిన పనే లేదు, కనుక ఆ పాత ప్రోగ్రాముకు తెలుగు ఎదురుపడలేదు. ఖాతా పేరును సెట్టింగ్స్‌లో మార్చి చూద్దామని ఆమె అడిగింది. అలా మార్చినా పైకి కనిపించే పేరే మారుతుంది, డిస్క్ మీద ఫోల్డర్ పేరు మొదట పెట్టినదే ఉండిపోతుంది. సాయంత్రానికి మొదటి రికార్డింగు వినిపించింది. గాలి హోరు గురించి ఒక పెద్దాయన చెబుతున్నారు, వెనక ఎక్కడో పడవ ఇంజను చప్పుడు.